విండోస్ మళ్లీ వేయాలా, రీసెట్ చేయాలా, మరమ్మతుతో సరిపెట్టాలా: మీ బ్యాకప్‌ను బట్టి ఎంపిక

కంప్యూటరు నెమ్మదించినా, నీలం తెర పడి ఆగిపోతున్నా, అప్‌డేట్లు మధ్యలోనే విఫలమవుతున్నా మన దగ్గర మొదట వినిపించే సలహా ‘ఫార్మాట్ కొట్టించెయ్యండి’ అన్నదే. ఆ ఒక్క మాటను నాలుగు వేర్వేరు పనులకు వాడుతున్నారు. ఒకటి మీ ప్రోగ్రాములతో సహా అన్నిటినీ ఉన్నచోటే ఉంచి విండోస్‌ను మాత్రం సరిచేస్తుంది. మరొకటి ఫైళ్లను ఉంచి ప్రోగ్రాములను తీసేస్తుంది. ఇంకొకటి డిస్కును తుడిచేసి కొత్త విండోస్‌ను వేస్తుంది. చివరిది, ముందే తీసి పెట్టుకున్న పూర్తి ప్రతి నుంచి కంప్యూటరును పాత స్థితికి తెస్తుంది. వీటిలో ఏది కావాలో సమస్యను బట్టి తేలుతుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో దానికన్నా ముందు తేలవలసింది మీ చేతిలో ఏ రకం బ్యాకప్ ఉందన్న సంగతి. విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఎన్నిసార్లయినా ఉచితంగా దించుకోవచ్చు కానీ, దుకాణం లెక్కలనూ పిల్లల ఫొటోలనూ దించుకునే చోటు మీ దగ్గర లేకపోతే మరెక్కడా ఉండదు.

ఇక్కడ చెబుతున్నది ఇళ్లలోనూ చిన్న కార్యాలయాల్లోనూ వాడే విండోస్ 10, 11 కంప్యూటర్ల గురించి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో నమోదైన వ్యక్తిగత కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అందేలా మైక్రోసాఫ్ట్ ఏర్పాటు చేసింది. అందువల్ల, కంప్యూటరులో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ సదుపాయం, తగిన ప్రాసెసర్ ఉండి విండోస్ 11కు అర్హత ఉన్నప్పుడు, శ్రమపడి 10నే మళ్లీ వేసుకోవడాన్ని నేను సమర్థించను. అర్హత లేని పాత యంత్రంలో బ్యాంకు పనులు, పన్ను రిటర్నులు చేసేవారు, అడ్డదారిలో 11 ఎక్కించుకోవడం కన్నా యంత్రాన్ని మార్చుకునే సంగతి ఆలోచించడం మేలు.

ముందు డేటా ఎక్కడెక్కడ ఉందో చూడండి

‘డి డ్రైవ్‌లో ఉన్నదానికి ఏమీ కాదు’ అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో సి, డి అనేవి ఒకే డిస్కులోని రెండు భాగాలు మాత్రమే. విండోస్ చెడిపోతే డి డ్రైవ్ క్షేమంగా ఉండవచ్చు, డిస్కే చెడిపోతే మాత్రం రెండూ కలిసి పోతాయి. పైగా, డి డ్రైవ్‌ను నమ్ముకున్నవారి ఫైళ్లు కూడా సగం సి డ్రైవ్‌లోనే ఉంటాయి, ఎందుకంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లన్నీ సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ కింద ఉన్నవే. తెర మీద కనబడుతోంది కాబట్టి అది వేరే చోటు అనుకోవడం వల్ల డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైళ్లు ఎక్కువగా పోతుంటాయి.

కంటికి కనబడని చోట్లు ఇంకా ముఖ్యం. ప్రతి యూజర్ ఫోల్డర్‌లోనూ యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్ల బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు, అవుట్‌లుక్ స్థానిక మెయిల్ ఫైళ్లలో కొన్ని అందులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేస్తే చాలనుకుంటే పొరపాటే. క్రోమ్ పాస్‌వర్డులకు వేసిన తాళం పాత విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటుంది కాబట్టి, కొత్త విండోస్‌లోకి ఫోల్డర్‌ను తెచ్చిపెట్టినా బుక్‌మార్కులు కనబడతాయి గానీ పాస్‌వర్డులు తెరుచుకోవు. పాత విండోస్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే గూగుల్ ఖాతాతో సింక్ చేయాలి, లేదా పాస్‌వర్డులను ఒక ఫైలుగా ఎగుమతి చేసుకుని, పని కాగానే ఆ ఫైలును తుడిచేయాలి.

ట్యాలీ వాడేవారు డేటా ఫోల్డర్ ఎక్కడుందో ఊహించవద్దు. ట్యాలీప్రైమ్ మామూలుగా డేటాను సి డ్రైవ్‌లో, యూజర్స్ కింద ఉన్న పబ్లిక్ ఫోల్డర్‌లో పెడుతుంది. పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 నుంచి మారినవారి డేటా వేరే చోట ఉండవచ్చు. ట్యాలీ తెరిచి, కంపెనీని ఎంచుకునే చోట కనబడే దారిని చూసి, దానిలోని బ్యాకప్ సదుపాయంతోనే ఒక ప్రతి తీసి, ఆ ప్రతిని వేరే కంప్యూటరులో తెరిచి చూసుకోవాలి. విండోస్ మార్చే ముందు లైసెన్సును సరెండర్ చేయడం కూడా మరచిపోకూడదు.

డీటీపీ పని చేసేవారికి ఫాంట్లే ప్రాణం. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పుస్తకం ఫైలు ఎంత భద్రంగా తిరిగివచ్చినా, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అక్షరాలకు బదులు గజిబిజి గుర్తులే కనబడతాయి, ఎందుకంటే అవి ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు కావు. కాబట్టి ఫైళ్లతోపాటు ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను, దాని లైసెన్సు వివరాలను విడిగా భద్రపరచాలి. యూనికోడ్ వాడేవారికి కూడా ఒక చిక్కు ఉంది. పాత విండోస్‌తో వచ్చిన గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి ఐచ్ఛిక అంశాలయ్యాయి. కొత్తగా వేసిన విండోస్‌లో నిర్మల ఫాంటు ఒక్కటే కనబడి పాత వర్డ్ ఫైలులో పేజీలు అటూ ఇటూ జరిగితే, సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌ను చేర్చుకుంటే సరిపోతుంది.

బ్యాకప్‌లన్నీ ఒక్కటి కావు

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి చేత్తో కాపీ చేసుకోవడం అన్నిటికన్నా మొరటు పద్ధతి, అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి కూడా. ఏ ప్రత్యేక ప్రోగ్రామూ లేకుండా ఏ కంప్యూటరులోనైనా తెరుచుకోవడం దీని బలం. ఒక ఫోల్డర్‌ను మరచిపోతే అడిగేవారు లేకపోవడం దీని బలహీనత. కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని పోల్చి చూడండి. పాత పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి కాబట్టి 4 జీబీకి మించిన ఒక్క ఫైలును కూడా అవి తీసుకోవు. పెళ్లి వీడియో ఒక్కటే కాపీ కాలేదంటే చాలాసార్లు ఇదే కారణం.

విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ, విండోస్ 8తో వచ్చింది. ఇది డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలోని ఫైళ్ల పాత ప్రతులను కూడా వరుసగా దాచిపెడుతుంది. నిన్నటి ప్రతి చెడిపోయినా మొన్నటిది దొరకడం దీని గొప్ప. అయితే తిరిగి తెచ్చుకునేటప్పుడు దాన్ని దాని పద్ధతిలోనే తెరవాలి. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి నేరుగా వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర బ్రాకెట్లలో సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను, యూటీసీ అన్న అక్షరాలు తగిలించి ఉంటాయి. అలాగే కాపీ చేసుకుంటే ఒక్కో ఉత్తరానికి పదేసి ప్రతులు, పది పేర్లతో వచ్చిపడతాయి. కొత్త విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ నుంచి ఫైల్ హిస్టరీ తెరిచి, అదే డిస్కును ఎంచుకుని, అందులోని పాత బ్యాకప్‌ను వాడుకుంటానని చెబితే సరైన పేర్లతో, సరైన చోట్లకు ఫైళ్లు వస్తాయి.

ఇంటర్నెట్‌లో, అంటే క్లౌడ్‌లో ఫైళ్లు దాచే వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి ఇంటికి నిప్పంటుకున్నా, ల్యాప్‌టాప్ దొంగలు పట్టుకుపోయినా మిగిలే ప్రతులు. కానీ వీటిని బ్యాకప్ అనడానికి నేను కాస్త వెనకాడతాను. ఇవి చేసేది సింక్, అంటే కంప్యూటరులో తీసేసినది అక్కడా తీసివేయబడుతుంది. రెండింటిలోనూ తీసేసిన ఫైళ్లు మామూలుగా 30 రోజులపాటే చెత్తబుట్టలో ఉంటాయి. ఉచితంగా వన్‌డ్రైవ్ ఇచ్చేది 5 జీబీ, గూగుల్ ఇచ్చేది 15 జీబీ. ఆ స్థలం నిండాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లడం ఆగిపోతుంది, మనం మాత్రం అన్నీ అక్కడ ఉన్నాయనే అనుకుంటూ ఉంటాం. దీనికి వ్యతిరేక దిశలో మరో ప్రమాదం ఉంది. వన్‌డ్రైవ్ స్థలం ఆదా చేయడానికి కొన్ని ఫైళ్లను కంప్యూటరు నుంచి తీసేసి పేరును మాత్రం చూపిస్తుంది. మేఘం గుర్తు ఉన్న ఫైలు మీ డిస్కులో లేదు, ఆకుపచ్చ టిక్ ఉన్నదే ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ చేసే ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఈ కంప్యూటరులోనే ఉంచమని చెప్పి, అన్నీ దిగేదాకా ఆగాలి.

నాలుగోది డిస్క్ ఇమేజ్. విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు, ఫైళ్లు అన్నిటినీ ఒకే పెద్ద ఫైలుగా తీసి పెట్టుకోవడం ఇది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ఇప్పటికీ ఈ సదుపాయం కనబడుతుంది గానీ, 2017లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కనపెట్టి ఇతర సంస్థల సాధనాలను వాడుకోమని చెప్పింది. క్లోన్‌జిల్లా, వీమ్ ఏజెంట్ ఉచితంగా దొరుకుతాయి. క్లోన్‌జిల్లాకు అక్షరాల తెర తప్ప బొమ్మల తెర ఉండదు కాబట్టి, ఏ డిస్కు ఏదో స్పష్టంగా తెలిసినవారే దాన్ని వాడాలి. ఇమేజ్ నుంచి తిరిగి తెస్తే ఆ రోజు కంప్యూటరు ఎలా ఉందో అలాగే వస్తుంది, అప్పటికే అందులో ఉన్న రోగంతో సహా. డిస్కు చెడిపోయినప్పుడు ఇమేజ్‌ను మించిన సాధనం లేదు. వైరస్ పట్టినప్పుడో, ఏళ్ల తరబడి చెత్త పేరుకుని నెమ్మదించినప్పుడో తీసిన ఇమేజ్ దాదాపుగా నిరుపయోగం.

ఇంటి కంప్యూటరుకు నా ఎంపిక ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒక ప్రతి, ఫొటోలకు, ముఖ్యమైన కాగితాలకు క్లౌడ్‌లో మరో ప్రతి. రెండు ప్రతులున్నాయి కదా అని ఎక్స్‌టర్నల్ డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటివి కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులకు కూడా తాళం వేసేస్తాయి కాబట్టి, కాపీ పూర్తి కాగానే తీసి బీరువాలో పెట్టిన డిస్కే నిజమైన బ్యాకప్.

నాలుగు దారుల్లో ఏది ఎవరికి

విండోస్ తెరుచుకుంటోంది, ఫైళ్లు బాగున్నాయి, అప్‌డేట్లు మాత్రం ఎక్కడం లేదు లేదా స్టార్ట్ మెనూ, సెర్చ్ వంటివి పనిచేయడం లేదు అన్నప్పుడు ఫార్మాట్ మాట ఎత్తవలసిన అవసరమే లేదు. ఇటీవలి విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ అన్న చోట ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ అనే వరుస కనబడుతుంది. దాన్ని నొక్కితే ఇప్పుడున్న వెర్షన్‌నే మళ్లీ దించుకుని, ప్రోగ్రాములు, ఫైళ్లు, సెట్టింగులు మూడింటినీ ఉంచి, కింద విండోస్‌ను మాత్రం కొత్తగా పరుస్తుంది. విండోస్ 10లో ఇదే పనిని మైక్రోసాఫ్ట్ నుంచి దించుకున్న ఐఎస్‌ఓ ఫైలు (విండోస్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) తెరిచి, విండోస్ నడుస్తుండగానే సెటప్‌ను నొక్కి చేసుకోవచ్చు. ఎడిషన్, భాష పాతవాటితో సరిపోతేనే ప్రోగ్రాములను ఉంచే ఎంపిక కనబడుతుంది. సి డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ చేసుకుని మొదలుపెట్టండి. డీటీపీ కేంద్రాలకు, అకౌంటెంట్లకు, మీసేవ కేంద్రాల వంటి చోట్లకు నేను మొదట సూచించేది ఈ దారినే. అక్కడ ప్రోగ్రాములను మళ్లీ అమర్చుకోవడమే పెద్ద పని. జీఎస్టీకి వాడే డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్, ఎమ్‌సైనర్, వేలిముద్ర పరికరపు ఆర్‌డీ సర్వీసు, పాత ప్రింటరు డ్రైవర్ ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతికి వేసుకోవాలంటే ఒక పనిదినం పోతుంది. సంతకం సర్టిఫికెట్ టోకెన్‌లోనే భద్రంగా ఉంటుంది కాబట్టి దాని గురించి భయపడనక్కరలేదు.

రీసెట్ దిస్ పీసీ అనేది రెండో దారి. అందులో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే వ్యక్తిగత ఫైళ్లు మిగులుతాయి, బయటి నుంచి వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి, పోయినవాటి జాబితా డెస్క్‌టాప్ మీద ఒక ఫైలుగా మిగులుతుంది. పేరు చూసి ధైర్యపడి బ్యాకప్ లేకుండా దీన్ని నొక్కేవారు చాలామంది. ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా ఫోల్డర్లలో దాచుకున్నవి దీని లెక్కలో ‘మై ఫైల్స్’ కావు. పని మధ్యలో కరెంటు పోతే గానీ, డిస్కులో లోపం ఉంటే గానీ రీసెట్ సగంలో ఆగి ఎటూ కాకుండా పోయే అవకాశం కూడా ఉంది. ల్యాప్‌టాప్ అయితే చార్జరు తగిలించి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉంచి చేయండి. తర్వాత అడిగే ప్రశ్న ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ కావాలా, ‘లోకల్ రీఇన్‌స్టాల్’ కావాలా అని. మొదటిది దాదాపు 4 జీబీ కొత్తగా దించుకుంటుంది, రెండోది కంప్యూటరులో ఉన్న విండోస్ భాగాలతోనే మళ్లీ కడుతుంది. విండోస్ ఫైళ్లే పాడయ్యాయన్న అనుమానం ఉన్నప్పుడు వాటితోనే కట్టడం అర్థం లేని పని. మొబైల్ డేటా మీద ఆధారపడినవారికి తప్ప మిగతావారికి క్లౌడ్ డౌన్‌లోడే మేలు. కంప్యూటరును అమ్ముతున్నవారు, బంధువులకు ఇస్తున్నవారు ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, అందులో డ్రైవ్‌ను శుభ్రపరిచే అదనపు ఎంపికను కూడా ఆన్ చేయాలి.

వైరస్ పట్టిందని నమ్మకం కలిగినప్పుడు, ముక్కూముఖం తెలియని చోట పైరేటెడ్ విండోస్ వేయించుకున్నప్పుడు, రీసెట్ విఫలమైనప్పుడు మిగిలేది పెన్ డ్రైవ్‌తో పూర్తిగా కొత్తగా వేయడం. కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ చాలు. ఆ పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. దీన్ని మంచి కంప్యూటరులో తయారు చేయాలి, రోగం ఉన్న కంప్యూటరులో కాదు. ఈ దారికి సరిపడే బ్యాకప్ ఫైళ్ల ప్రతి, అంటే చేత్తో చేసిన కాపీ లేదా ఫైల్ హిస్టరీ. ఇమేజ్ మాత్రమే ఉన్నవారు దాన్ని మొత్తంగా తిరిగి తేకుండా, ఇమేజ్‌ను తెరిచి చూపే సాధనంతో అందులోని ఫైళ్లను మాత్రం ఏరి తెచ్చుకోవాలి.

కొత్తగా వేసేటప్పుడు నిజమైన ప్రమాదం ఉండేది ఒకే ఒక్క తెరలో, విండోస్ ఎక్కడ వేయాలని అడిగే తెరలో. అక్కడ సి, డి అన్న అక్షరాలు కనబడవు. డిస్క్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, ఇలా వరుసలు, పక్కన పరిమాణాలు, అంతే. 100 లేదా 260 ఎంబీ ఉన్నది బూట్ భాగం, 16 ఎంబీ ఉన్నది విండోస్ తనకోసం ఉంచుకున్నది, పెద్దవి రెండు ఉంటే వాటిలో ఏది సి, ఏది డి అన్నది పరిమాణం చూసే పోల్చుకోవాలి. రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటే గుండె ఝల్లుమంటుంది. అందుకే ముందే, పాత విండోస్ తెరుచుకుంటుండగానే, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫోనుతో ఫొటో తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగవంతమైన చిప్పుల డిస్కు), హార్డ్ డిస్కు రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో డిస్క్ 0 అంటే ఎస్‌ఎస్‌డీయే అని గ్యారంటీ లేదు. పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా ఎంచుకుంటే పాత విండోస్, పాత యూజర్స్ ఫోల్డర్ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరుగుతాయి. అది కొన్నాళ్లకు దానంతట అదే తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, ఏదైనా మరచిపోతే దొరికే ఆసరాగా చూడాలే గానీ బ్యాకప్‌గా లెక్కించకూడదు. ఫార్మాట్ చేసేశాక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోవచ్చన్న ధైర్యం హార్డ్ డిస్కుల కాలం నాటిది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఆజ్ఞ ఖాళీ చేసిన భాగాలను లోపల నిజంగానే తుడిచేస్తుంది కాబట్టి, త్వరిత ఫార్మాట్ తర్వాత కూడా ఏమీ దొరకకపోవచ్చు.

పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆ తెర అసలు ఏ డిస్కునూ చూపించదు. డిస్కు పోయిందని హడలిపోనక్కరలేదు. వీఎండీ అనే ఏర్పాటుకు కావలసిన ఇంటెల్ డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో లేకపోవడమే కారణం. తయారీ సంస్థ సైటు నుంచి ఆ డ్రైవర్‌ను దించి, విప్పి, అదే పెన్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టుకుని, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

నాలుగో దారి, అంటే ఇమేజ్ నుంచి తెచ్చుకోవడం, పైన చెప్పినట్టు డిస్కు చెడిపోయినప్పటిది. వీటన్నిటికన్నా నాకు నచ్చిన దారి ఇంకొకటి ఉంది. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్కును తీసి పక్కన పెట్టి, కొత్తదాంట్లో విండోస్ వేయడం. పాత హార్డ్ డిస్కు మీద నడుస్తున్న కంప్యూటరు నెమ్మదితనానికి చాలాసార్లు ఆ డిస్కే కారణం కాబట్టి, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించినా నెల తిరిగేసరికి పాత కథే. ఎస్‌ఎస్‌డీ వేస్తే వేగం పెరుగుతుంది, పాత డిస్కులోని ఒక్క ఫైలు కూడా కదలదు, ఏది మరచిపోయినా యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి తెచ్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీని బోర్డుకే అతికించిన సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఇది కుదరదు. మిగిలినవారిలో బ్యాకప్ మీద పూర్తి నమ్మకం లేనివారందరికీ, ఖర్చు భరించగలిగితే, ఇదే నా సలహా. ముందుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి సాధనంతో పాత డిస్కు ఆరోగ్యం చూడండి. అది పసుపు రంగులో హెచ్చరిస్తుంటే మరమ్మతు, రీసెట్ రెండూ మానేసి, ముందు ఫైళ్లు బయటికి తెచ్చుకోండి. డిస్కు నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం ఆపేసి డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి.

తాళంచెవి, లైసెన్సు

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. దానికి ఫార్మాట్ అవసరం లేదు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే చాలు. అయినా ఎన్నో సంస్థలకు అది రోజుల తరబడి పట్టింది. డిస్కులకు విండోస్‌లోని బిట్‌లాకర్ అనే తాళం ఉండి, ప్రతి యంత్రానికీ 48 అంకెల రికవరీ కీ కొట్టవలసి రావడం అందుకు ఒక కారణం. ఇది పెద్ద సంస్థల బాధ అనుకోవద్దు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా సెటప్ చేసిన చాలా కంప్యూటర్లలో, హోమ్ ఎడిషన్‌తో సహా, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే అలాంటి తాళమే దానంతట అదే ఆన్ అవుతుంది. కంప్యూటరు తెరుచుకోనప్పుడు డిస్కు తీసి వేరే కంప్యూటరుకు తగిలించినా, ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా నడిపే పెన్ డ్రైవ్‌తో తెరవాలని చూసినా ఆ కీ లేకుండా ఒక్క ఫైలు కూడా రాదు. ఇవాళే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి కీ ఉందో లేదో చూసి, ఒక కాగితం మీద రాసుకోండి. ఖాతాను దుకాణంవారి ఈమెయిల్‌తో తెరిపించి ఉంటే కీ కూడా వారి దగ్గరే ఉంటుందని గుర్తుంచుకోండి.

లైసెన్సు విషయంలో దిగులు అక్కరలేదు. విండోస్ 8 కాలం నుంచి బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, ఇన్‌స్టాలర్ దాన్ని తానే చదువుకుని, మన దేశంలో చాలా ల్యాప్‌టాప్‌లతో వచ్చే హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌ను తానే ఎంచుకుంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చేయించినా, మీ ఊరి బస్టాండు దగ్గర చేయించినా, ‘ప్రో వేసి యాక్టివేట్ చేసి ఇస్తాం’ అంటే వద్దని గట్టిగా చెప్పండి. మీకు హక్కుగా ఉన్న అసలు లైసెన్సును వదిలి, యాక్టివేటర్ పేరుతో యాంటీవైరస్‌ను ఆపించే ప్రోగ్రామును లోపలికి రానివ్వడం అవుతుంది.

ఫైళ్లు తిరిగి తెచ్చుకునేటప్పుడు

కొత్త విండోస్ తెరుచుకోగానే బ్యాకప్ డిస్కును తగిలించే తొందర అందరికీ ఉంటుంది. ముందు నెట్ రావాలి, అప్‌డేట్లు పడాలి, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ తాజాగా ఉండాలి. వైఫై డ్రైవర్ లేక నెట్ రాకపోతే ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఆ దారిన విండోస్ అప్‌డేట్ మిగతా డ్రైవర్లను తెచ్చుకుంటుంది. ఆ తర్వాత బ్యాకప్ డిస్కును స్కాన్ చేసి, ఫొటోలు, డాక్యుమెంట్లు, లెక్కల ఫైళ్లు మాత్రమే తెచ్చుకోండి. పాత సెటప్ ఫైళ్లను, క్రాక్ చేసిన ప్రోగ్రాములను తెచ్చుకోవద్దు. జిరాక్స్ సెంటరు పెన్ డ్రైవ్‌ల నుంచి అంటుకునే షార్ట్‌కట్ వైరస్ ఉన్న చోట ఫోల్డర్లు మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్లు కనబడతాయి. ఫైళ్లు సాధారణంగా పోవు, దాచబడతాయి అంతే. దాచినవాటిని చూపించమని విండోస్‌కు చెప్పి, అసలు ఫోల్డర్లను తెచ్చుకుని, షార్ట్‌కట్లను నొక్కకుండా తీసేయాలి.

పాత డిస్కులోని యూజర్స్ ఫోల్డర్‌ను తెరవబోతే అనుమతి లేదన్న హెచ్చరిక వస్తుంది. పాత విండోస్‌లోని ఖాతా పేరు, కొత్తదాని పేరు ఒకటే అయినా విండోస్ దృష్టిలో అవి వేర్వేరు ఖాతాలు కావడమే కారణం. ‘కంటిన్యూ’ నొక్కి వేచి ఉండండి, ఫైళ్లు వేలల్లో ఉంటే చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపవద్దు. సెటప్ సమయంలో పాత కంప్యూటరు బ్యాకప్ నుంచి తెచ్చుకోమని విండోస్ అడిగితే అంగీకరించవచ్చు. వైఫై పాస్‌వర్డులు, కొన్ని సెట్టింగులు వస్తాయి. ప్రోగ్రాముల పేర్లు స్టార్ట్ మెనూలో కనబడతాయి గానీ, స్టోరు బయటి ప్రోగ్రాములు నిజంగా దిగి ఉండవు, వాటిని మళ్లీ వేసుకోవలసిందే.

ఫైళ్లన్నీ వచ్చాయని తేల్చుకోవడానికి ఫోల్డర్లు కనబడటం చాలదు. అయిదారు ఫొటోలు, ఒక పాత వీడియో, ట్యాలీలో కిందటి ఆర్థిక సంవత్సరపు బ్యాలన్స్ షీటు, తెలుగులో ఉన్న ఒక పాత పేజీ తెరిచి చూడండి. పాత డిస్కును గానీ, బ్యాకప్ ప్రతిని గానీ వెంటనే వేరే పనికి వాడకండి. వ్యాపారస్తులైతే తర్వాతి జీఎస్టీ రిటర్ను దాఖలై, ఆడిటరుకు పంపవలసిన కాగితాలు కొత్త కంప్యూటరు నుంచే వెళ్లేదాకా, ఇంటివారైతే కనీసం రెండు నెలలు, దానిమీద తేదీ రాసిన చీటీ అంటించి బీరువాలో ఉంచండి.